పావలా వాషరు... ఆగిన విమానం!

స్కూటరు సర్వీసింగుకి ఇచ్చే ఉంటారు కదా. పొద్దున్న షెడ్డులో వదిలితే 'సాయంత్రం రండి సార్' అంటాడు మెకానిక్కు. సాయంత్రం వెళ్తే బండి ముక్కలు ముక్కలుగా గోనెపట్టా మీద పరిచి ఉంటుంది. 'క్లచ్ కేబుల్ దొరకలేదు సార్, కుర్రాణ్ని పంపించా. రేపు పొద్దున్నకల్లా ఇచ్చేస్తా' అంటాడు. మనం ఉసూరుమంటూ ఆటో ఎక్కుతాం. ఇప్పుడా బండి స్కూటరు కాకుండా విమానం అనుకోండి. యజమానీ మీరే, మెకానిక్కూ మీరే. రేపు దాన్ని నడపాల్సిందీ మీరే. పక్క సీట్లో కూర్చునేది మీ ఆవిడ!

అలాంటివాళ్లు కూడా ఉంటారా అంటే... అమెరికాలో వేలమంది ఉన్నారు. విమానాన్ని కొనుక్కోకుండా సొంతంగా కట్టుకుంటారు. రేకులు, రివెట్లు కిట్టుగా తెప్పించుకుని, కారు పెట్టుకునే గ్యారేజీలో ఏళ్ల తరబడి బిగిస్తారు. ఇలాంటివాళ్లంతా కలిసి 1953లో విస్కాన్సిన్‌లో ఓ సంఘం పెట్టుకున్నారు. పేరు ఈఏఏ. ఏటా జులై నెలాఖరున ఆష్‌కాష్ అనే ఊళ్లో దాని తిరునాళ్లు జరుగుతుంది. ఆరెగాన్‌లోని వాన్స్ అనే కంపెనీ కిట్లతో కట్టిన ఆర్వీ రకం విమానాలే 11 వేలకు పైగా గాల్లోకి లేచాయంటే చూడండి. సగానికి పైగా పని సొంత చేతులతో, నేర్చుకోవడం కోసమో సరదా కోసమో చేసి ఉండాలన్నది అక్కడి ప్రభుత్వం పెట్టిన షరతు. మన దేశంలో ఈ ముచ్చట బహు అరుదు. ముంబయిలో అమోల్ యాదవ్ అనే పైలట్ డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టి, 2017లో దానికి రిజిస్ట్రేషన్ తెచ్చుకునేసరికి తాతలు దిగొచ్చారు.

మా పెద్దమ్మ కొడుకు సియాటెల్ దగ్గర ఉంటాడు. నిరుడు ఫిబ్రవరిలో వాళ్లింటికి వెళ్లినప్పుడు 'పక్కింటి పెద్దాయన విమానం విప్పుతున్నాడు, చూద్దువుగాని రారా' అని తీసుకెళ్లాడు. పెద్దాయన లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఏడేళ్లు కష్టపడి రెండు సీట్ల ఆర్వీ-7ఏ కట్టుకున్నారు. ఊరి చివర చిన్న రన్‌వే, పక్కన వరసగా రేకుల షెడ్లు. వాటిలో ఒకటి ఆయనది. నేను ముందు విమానం వంక చూశాను. మా అన్నయ్య మాత్రం 'అటు కాదు, ఇటు చూడు' అని గోడవారగా ఉన్న బల్ల చూపించాడు.

బల్ల మీద తెల్ల దుప్పటి. దాని మీద చిన్న చిన్న ప్లాస్టిక్ సంచులు, డబ్బాలు, తీగ చుట్టలు. ప్రతిదాని మీదా ఒక చీటీ. మనవైపు పెళ్లికి సామాను సర్దినట్టే ఉంది. పెద్దావిడ కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని జాబితా చదువుతోంది. పెద్దాయన ఒక్కోటీ చూపించి 'ఉంది' అంటున్నారు. ఇంకా ఒక్క మర కూడా విప్పలేదు!

సంగతేమిటంటే, సొంతంగా కట్టుకున్న విమానాన్ని పన్నెండు నెలలకోసారి మొత్తం విప్పి తనిఖీ చెయ్యాలి. అలా చేసి, అంతా చూశాను, క్షేమంగా ఎగరగలిగే స్థితిలో ఉంది అని లాగ్‌బుక్కులో రాసి సంతకం పెట్టాలి. గడువు దాటితే విమానం ఎంత నిక్షేపంగా ఉన్నా నేల మీదే. ఆ సంతకం పెట్టే అర్హత మామూలుగా లైసెన్సున్న మెకానిక్కులది. కట్టినవాడు దరఖాస్తు పెట్టుకుంటే, తన చేత్తో కట్టిన ఆ ఒక్క విమానం వరకూ ఆయనకీ ఇస్తారు. అది మనిషిని బట్టి వచ్చేది. విమానం అమ్మేస్తే కొన్నవాడికి దాంతోపాటు రాదు.

అయితే విప్పడం మొదలుపెట్టాక సామాను కొనుక్కుంటే ఏం పోయింది? అదే అడిగాను. పెద్దావిడ నవ్వి 'చెప్పు, ఆ వాషరు కథ' అంది భర్తతో.

ఎగరడం మొదలుపెట్టిన రెండో ఏడు. అప్పట్లో తనిఖీ గడువు జూన్ నెలాఖరు. జులై 4 సెలవులకి ఐడహోలో ఉన్న కూతురింటికి వెళ్లాలన్నది ప్లాను. విమానంలో రెండుంబావు గంటలు, కారులో అయితే ఎనిమిది. మనవరాలికి ఫోన్లో మాటిచ్చారు కూడా, తాత విమానంలో వస్తాడని. జూన్ ఆఖరి వారంలో తీరిగ్గా మొదలుపెట్టారు. ఇంజిన్లో ఆయిలు దించారు. అడుగున ఉండే జాలీ బయటికి తీసి చూశారు. శుభ్రంగా ఉంది. తిరిగి పెట్టబోతే దాని కిందుండే రాగి వాషరు కావాలి. ఒకటో రెండో డాలర్ల వస్తువు. బిగించినప్పుడు నలిగి, ఆ నలగడంతోనే ఆయిలు కారకుండా అడ్డుకుంటుంది. ఒకసారి నలిగింది మళ్లీ నలగదు. అందుకే ప్రతిసారీ కొత్తది వెయ్యాలి. ఆయన దగ్గర లేదు. ఆర్డరు పెట్టారు. కంగారులో నంబరు తప్పు రాశారు. వేరే సైజుది వచ్చింది. మళ్లీ పెట్టేసరికి సెలవులొచ్చిపడ్డాయి.

'అప్పుడు ఒక పని చేశాను' అన్నారు పెద్దాయన, గొంతు కాస్త తగ్గించి. పాత వాషరునే తుడిచి వేసేశారట. గట్టిగా బిగించారు. కొత్త ఆయిలు పోశారు. బయటికి లాగి ఇంజిను స్టార్టు చేసి పావుగంట నడిపారు. కాగితం పెట్టి తుడిచి చూశారు. ఒక్క చుక్క కూడా కారలేదు. షెడ్డు మూసి ఇంటికొచ్చి భోంచేసి పడుకున్నారు. నిద్ర పట్టలేదు. పావుగంట కారనిది రెండో గంటలో కారదని ఎవరు చెప్పారు? అది కొండల మీద అయితే? లాగ్‌బుక్కులో ఇంకా సంతకం పెట్టలేదు, రేపు పెట్టాలి. ఏమని పెట్టాలి?

తెల్లారుతూనే వెళ్లి, పోసిన ఎనిమిది క్వార్టుల ఆయిలూ మళ్లీ దించేశారు. అంటే మన లెక్కలో ఏడున్నర లీటర్లు. ఐడహోకి కారులో వెళ్లారు. ఎనిమిది గంటలూ ఆవిడ ఒక్కమాట కూడా అనలేదట. 'అంటే బాగుండేది' అన్నారాయన.

నాకు ఈ కథలో బాగా నచ్చింది ఒకటుంది. పాత వాషరుతో ఏ ప్రమాదమూ జరగలేదు. బహుశా జరిగేదీ కాదేమో. కానీ తనిఖీ చేసేవాడికీ, ఊరెళ్లాలని తొందరపడేవాడికీ ఒకటే బుర్ర ఉన్నప్పుడు, బల్ల మీద కొత్త వాషరు లేకపోతే ఆ ఇద్దరిలో ఎవరు గెలుస్తారో చెప్పలేం. ఆ తర్వాతి నుంచి ఆయన రెండు మార్పులు చేశారు. తనిఖీని వానలు కురిసే ఫిబ్రవరికి జరిపేశారు. గడువుకన్నా ముందే చేసుకోవడానికి అడ్డేం లేదు. రెండోది, జనవరి మొదటి వారంలోనే సామాను జాబితా రాయడం.

అందులో తప్పకుండా మార్చేవి ముందుంటాయి. చూసి, బాగుంటే ఉంచేద్దాం అన్న మాట వాటికి లేదు. ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, రాగి వాషర్లు, ఇంజిన్ తలల మీది మూతలకి గ్యాస్కెట్లు. ఈ ఇంజిన్లో నాలుగు సిలిండర్లకి రెండేసి చొప్పున ఎనిమిది స్పార్క్ ప్లగ్గులు. ప్లగ్గుల్ని శుభ్రం చేసి మళ్లీ వాడతారుగానీ వాటి కింద రాగి వాషర్లు కొత్తవి వేస్తారు. పాత ఫిల్టర్ని పారెయ్యరండోయ్! డబ్బా మూత కోసే కత్తెరలాంటి దాంతో చుట్టూ కోసి, లోపలి కాగితాన్ని అకార్డియన్ విప్పినట్టు విప్పి, ఎండలో పెట్టి చూస్తారు. ఇనుప రజను తళుక్కుమంటే ఇంజిను లోపల ఏదో అరుగుతోందన్నమాట. డాక్టరు రక్తపరీక్ష రిపోర్టు చూసినట్టే. కాబట్టి ఫిల్టరుతోపాటు ఫిల్టరు కోసే కట్టరు కూడా జాబితాలో ఉంటుంది.

ఇక స్ప్లిట్ పిన్నులు. మన మెకానిక్కులకి బాగా తెలిసిన వస్తువే, అమెరికాలో కాటర్ పిన్ అంటారు. కిరీటంలా గాట్లున్న నట్టు బిగించాక, దాని గాటులోంచి బోల్టు చిల్లులోకి దూర్చి, రెండు కాళ్లూ వంచేస్తారు. ఇక నట్టు తిరగదు. రెక్కల వెనక, తోక దగ్గర అటూ ఇటూ కదిలే కీళ్లన్నిటికీ ఇవే కాపలా. ఒకసారి వంచి తీసిన పిన్నుని మళ్లీ వాడకూడదన్నది విమానాల వాళ్లకి వేదవాక్కు. సెంట్లలో ధర. అందుకే పాతిక ప్యాకెట్టు తెచ్చిపెట్టుకుంటారు.

కదలని చోట వాడే నట్లు వేరు. లోపల నైలాన్ రింగు ఉండి, బోల్టుని అదే పట్టుకుంటుంది. చేతివేళ్లతో తిప్పితే సులువుగా తిరిగిపోతోందంటే దాని పట్టు అయిపోయినట్టే, పారెయ్యాలి. ఇంజినుకీ మనుషులకీ మధ్య అడ్డంగా ఓ స్టీలు రేకు ఉంటుంది. దానికి అవతల, అంటే ఇంజిను వైపు, ఈ నైలాన్ నట్లు పనికిరావు. సుమారు 120 డిగ్రీలు దాటితే నైలాన్ మెత్తబడిపోతుంది. అక్కడ పూర్తిగా లోహంతో చేసినవే వెయ్యాలి. చూడ్డానికి రెండూ అన్నదమ్ముల్లానే ఉంటాయి. అందుకే ఆయన వాటిని వేరువేరు రంగు మూతలున్న డబ్బాల్లో పెట్టారు.

బ్రేకు ఆయిలు డబ్బా చూసి 'ఇది కార్లలోది కాదా?' అన్నాను. ఎర్రగా ఉంది. విమానం బ్రేకుల్లో పోసేది వేరట. కారు బ్రేకు ఆయిలు పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. దుకాణంలో దొరికింది కదా అని తెచ్చి పోస్తే అంతే సంగతులు.

ఈ చీటీల గోల ఏమిటో కూడా చెప్పించుకున్నాను. లెక్కల మాస్టారు కదా, ఉత్సాహంగా చెప్పారు. 'ఏఎన్ 3-5ఏ' అని ఒక సంచీ మీద ఉంది. ఏఎన్ అంటే ఆర్మీ, నేవీ. ఒకప్పుడు ఆ రెండూ కలిసి పెట్టుకున్న కొలతలివి. 3 అంటే బోల్టు లావు, అంగుళంలో పదహారో వంతులు మూడు. 5 అంటే పొడవు, అంగుళంలో ఎనిమిదో వంతులు ఐదు, కాస్త అటూ ఇటుగా. చివర ఏ ఉంటే పిన్ను దూర్చే చిల్లు లేదని అర్థం. పొడవుల్లో 7 తర్వాత 8 రాదు, తిన్నగా 10 వస్తుంది! ఎనిమిది ఎనిమిదో వంతులంటే అంగుళం కదా. అందుకని మొదటి అంకె అంగుళాలు, రెండోది మిగతా వంతులు. మనకి వింతగా ఉన్నా, ఒకసారి తలకెక్కితే కళ్లు మూసుకుని ఆర్డరు పెట్టొచ్చు.

మన ఆటోనగర్లో ఇంత లెక్క ఉండదు. విజయవాడలోగానీ, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోగానీ పాత బోల్టు జేబులో వేసుకెళ్లి కౌంటరు మీద పెడితే చాలు. కొట్టాయన ఒక్క చూపు చూసి లోపల్నుంచి జత తెచ్చిస్తాడు. నూటికి తొంభైతొమ్మిదిసార్లు సరిగ్గానే ఉంటుంది. ఆ కంటికి దండం పెట్టొచ్చు. కానీ విమానానికి ఆ వందోసారి ఏమవుతుందో బ్రిటన్‌లో 1990 జూన్ 10న జరిగిన సంగతి చెబుతుంది.

బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలగాకి బయల్దేరింది. 17 వేల అడుగుల పైన ఉండగా పైలట్ ముందున్న అద్దం ఊడి ఎగిరిపోయింది. గాలి విసురుకి కెప్టెన్ నడుము దాకా బయటికి వెళ్లిపోయారు. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని వేలాడారు. కో-పైలట్ అలాగే విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. అదృష్టం, కెప్టెన్‌తో సహా అందరూ బతికారు. విచారణలో తేలిందేమిటి? అంతకు ముందు రోజు తెల్లవారుజామున ఆ అద్దం మార్చారు. స్టోరులో ఆ రకం బోల్టులు నాలుగైదే ఉన్నాయి. మార్చిన ఉద్యోగి కారేసుకుని విమానాశ్రయంలోనే ఉన్న ఇంకో స్టోరుకి వెళ్లాడు. అక్కడ వెలుతురు అంతంతమాత్రం. పాత బోల్టు పక్కన పెట్టి, కంటితో పోల్చి తెచ్చుకున్నాడు. మొత్తం 90 బోల్టుల్లో 84 సన్నవి పడ్డాయి. తేడా ఎంతనుకున్నారు? మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు! మిగిలిన ఆరూ పొట్టివి.

అది పెద్ద కంపెనీ విమానం. అతనేమీ కొత్తవాడు కాదు, అనుభవమున్నవాడే. స్టోరులో ఆ డబ్బా నిండుగా ఉండి ఉంటే ఆ రాత్రి కారెక్కేవాడే కాదు కదా అనిపించింది నాకు.

అలాగని అన్నీ ముందే కొని అటక నింపుకోవడం కూడా తప్పేనట. రబ్బరుకి వయసుంటుంది. ట్యాంకు లీకులకి పూసే సీలెంటు ఆర్నెల్లలో ఎందుకూ కొరగాకుండా పోతుంది. విమానం కూలితే తనంతట తాను సిగ్నల్ పంపే పరికరం ఒకటుంటుంది, దాని బ్యాటరీ మీద తారీఖు ఉంటుంది. రెండేళ్ల ముందే చవగ్గా వచ్చిందని కొంటే ఆ రెండేళ్ల ఆయుష్షు మన అటక మీదే కరిగిపోతుంది. మందుల డబ్బాలో కాలం తీరిన మాత్రల్లాంటివే ఇవీ.

మరి ఏది కొనాలో, ఏది ఆగాలో విప్పకుండా ఎలా తెలుస్తుంది? జనవరిలో ఒక పూట పెద్దాయన ఉత్త చూపులు చూస్తారు. టైర్లు చూస్తారు. బ్రేకు లైనింగు మందం కొలుస్తారు. అంగుళంలో పదో వంతుకి వచ్చిందంటే మార్చాలి, కాబట్టి లైనింగుతోపాటు దాన్ని బిగించే రివెట్లు కూడా జాబితాలోకి ఎక్కుతాయి. లాగ్‌బుక్కు తిరగేసి ఈ ఏడు దేని గడువు తీరుతుందో చూస్తారు. కంపెనీ ఏమైనా హెచ్చరికలు పంపిందేమో చదువుతారు. 2014లో అలాగే, ఆర్వీ-7తో సహా కొన్ని మోడళ్లకి తోకలోని కమ్మీలో పగుళ్లు వస్తున్నాయి చూసుకోమని కబురొచ్చింది. పగులుంటే రిపేరు కిట్టు కావాలి. 2023 డిసెంబరులో ఆ కంపెనీయే దివాలా రక్షణ కోసం కోర్టుకెక్కినప్పుడు కట్టుకున్నవాళ్లందరి గుండెల్లో రాయి పడింది. విమానం మన దగ్గరే ఉంటుంది, విడిభాగాలో? 2024లో కంపెనీ గట్టెక్కింది కాబట్టి సరిపోయింది.

ఇంత చేసినా విప్పాక ఏదో ఒకటి బయటపడుతూనే ఉంటుందట. మేం ఉండగానే ఎగ్జాస్టు గొట్టం దగ్గర ఓ బిగింపు క్లాంపుకి సన్నటి పగులు కనిపించింది. జాబితాలో లేదు. పెద్దాయన ఏమీ అనుకోలేదు. కాగితం మీద నంబరు రాసి, రెండుసార్లు సరిచూసి, ఆర్డరు పెట్టమని ఆవిడకిచ్చారు. ఊరెళ్లే పని లేదు, బయట వాన.

వారం తర్వాత, పని పూర్తయ్యే సాయంత్రం మళ్లీ వెళ్లాం. విమానం లోపలంతా వ్యాక్యూమ్ క్లీనరుతో ఊడ్చేశారు. కాఫీ తాగి వచ్చేద్దాం అనుకుంటున్నాం. ఆవిడ మాత్రం బల్ల దగ్గర లెక్కపెడుతోంది. పిన్నుల ప్యాకెట్లో పాతిక ఉండాలి, నాలుగు మిగిలాయి. అంటే ఇరవై ఒకటి వాడారు. తీసేసిన పాత పిన్నులు వేసే రేకు డబ్బాలో ఇరవయ్యే ఉన్నాయి.

'ఒకటి ఎక్కడో పడిపోయి ఉంటుందిలే' అన్నాడు మా అన్నయ్య. ఇద్దరూ తలెత్తి వాడి వంక చూశారు. ఎక్కడో అంటే ఎక్కడ? నేల కిందున్న సందులో పడితే, విమానం పైకెత్తినప్పుడు తోకవైపు జారుతుంది. అక్కడ రాడ్లు కదిలే చోట ఇరుక్కుంటే స్టిక్కు తిరగదు.

పెద్దాయన ఏమీ మాట్లాడకుండా స్క్రూడ్రైవరు తీసుకుని, అంతకు ముందే బిగించిన నేల పలకలు మళ్లీ విప్పడం మొదలుపెట్టారు. ఆవిడ టార్చి పట్టుకుంది. మేమూ కర్రకి కట్టిన అయస్కాంతంతో షెడ్డంతా తిరిగాం. ఎనిమిదయింది. దొరకలేదు. మమ్మల్ని వెళ్లిపొమ్మన్నారు, పిల్లలు ఎదురుచూస్తుంటారని.

పొద్దున్నే మా అన్నయ్యకి ఫోనొచ్చింది. వ్యాక్యూమ్ క్లీనరు సంచీని పేపరు మీద బోర్లించి దుమ్మంతా జల్లెడ పట్టారట ఆవిడ. ఒక కాలు విరిగిన పాత పిన్ను దొరికింది. అంతటితో ఊరుకోకుండా ఆ విరిగిన కాలు కోసం ఇంకో గంట వెతికి, అదీ పట్టుకున్నారు. మధ్యాహ్నం సంతకం చేశారు.

శనివారం ఎగురుదురుగాని రండి అన్నారు మమ్మల్ని. శనివారం వాన. ఆదివారం కూడా వానే. సోమవారం నా ఫ్లైటు.